ఓరియోల్, హమ్మింగ్ బర్డ్ మన పెరట్లోకి రావాలంటే ఫీడర్ ఎప్పుడు కట్టాలి, ఏం పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. న్యూజెర్సీలో పోయిన ఏడాది కొత్త ఇంట్లోకి దిగారు. జూన్ రెండో వారంలో డెక్ మీద హమ్మింగ్ బర్డ్ తాగడానికి ఎర్ర ఫీడర్ కట్టి, షాపులో దొరికే ఎర్రటి తీపి ద్రావణం నింపారు. ఆగస్టు దాకా చీమలు, కందిరీగలు తప్ప ఒక్క పిట్ట కూడా వాలలేదు. ఓరియోల్ కోసం నారింజ చెక్కలు పెడితే ఉడతలు ఎత్తుకుపోయాయి. ఊరి నుంచి వచ్చిన మీ అమ్మగారేమో "ఆ రంగునీళ్ళు ఎవరు తాగుతారు, బెల్లం పానకం పెట్టు" అంటున్నారు. ఈ వసంతంలో అయినా పిట్టలు రావాలంటే ఏం చెయ్యాలి అని.

రంగునీళ్ళ సంగతిలో అమ్మగారు అన్నదే కరెక్ట్. బెల్లం మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను, ముందు అసలు పొరపాటు సంగతి చూద్దాం.

నేను ఒహాయోలో, కొలంబస్ పక్కన ఒక సబర్బ్‌లో పదమూడేళ్ళుగా ఈ రెండు పిట్టల కోసం ఫీడర్లు కడుతున్నాను. మొదటి రెండేళ్ళు మీలాగే నిండు ఫీడర్ వంక చూస్తూ కూర్చున్నదాన్నే. మీ తప్పు ఫీడర్‌లో లేదండీ, తేదీలో ఉంది.

మీ వైపు వచ్చే హమ్మింగ్ బర్డ్‌ని రూబీ థ్రోటెడ్ అంటారు. తూర్పు అమెరికాలో గూడు కట్టి పిల్లల్ని పెంచే హమ్మింగ్ బర్డ్ ఇదొక్కటే. బరువు మూడు గ్రాములు. మీ జేబులో ఉన్న పెన్నీ నాణెం రెండున్నర గ్రాములుంటుంది, దానికి కాస్త ఎక్కువన్నమాట. చలికాలం మెక్సికోలోనూ మధ్య అమెరికాలోనూ గడిపి, వసంతంలో ఉత్తరానికి బయల్దేరుతుంది. వాటిలో చాలా పిట్టలు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా దాదాపు 800 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరి వస్తాయి. సముద్రం మీద వాలడానికి ఏముంటుంది! మార్చిలో గల్ఫ్ తీరానికి చేరి, పూలు విచ్చుకునే కొద్దీ పైకి జరుగుతూ, ఏప్రిల్ రెండో సగంలో మీ దగ్గరికీ మా దగ్గరికీ వస్తాయి. ముందు మగవి, వారం పదిరోజుల తర్వాత ఆడవి. బాల్టిమోర్ ఓరియోల్ ఇంకాస్త ఆలస్యం. ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారం.

వచ్చే సమయానికి అవి బాగా ఆకలి మీద ఉంటాయి. చెట్లు ఇంకా సరిగ్గా చిగురించవు, పూలు తక్కువ, పురుగులు తక్కువ, రాత్రిళ్ళు చలి. ఆ వారం రెండు వారాల్లో మీ డెక్ వాటి కంట పడిందా, మీ ఇల్లు వాటి రోజువారీ తిరుగుడులో కలిసిపోతుంది. జూన్‌కి అంతా మారిపోతుంది. ఆడ హమ్మింగ్ బర్డ్ గుడ్ల మీదో పిల్లలతోనో ఉంటుంది, ఏ పూల దగ్గరికి ఏ వేళకి పోవాలో దానికో లెక్క కుదిరిపోయి ఉంటుంది. ఓరియోల్ అయితే పిల్లల కోసం గొంగళి పురుగుల వేటలో ఉంటుంది, నారింజ వంక కన్నెత్తి కూడా చూడదు. మీరు పెళ్ళి భోజనాలు అయిపోయాక విస్తరి వేశారు.

అందుకని ఈసారి హమ్మింగ్ బర్డ్ ఫీడర్ ఏప్రిల్ 15కల్లా బయట ఉండాలి. ఓరియోల్‌ది ఏప్రిల్ 25కల్లా. మీ చుట్టుపక్కల ఎవరికి ఎప్పుడు కనబడ్డాయో తెలియాలంటే పిట్టలు చూసినవాళ్ళు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో మీ కౌంటీ పెట్టి చూడండి. ఓరియోల్స్ రాత్రిపూట ప్రయాణిస్తాయి కాబట్టి, వాటి కోసం బర్డ్‌కాస్ట్ కూడా పనికొస్తుంది. వాతావరణ రాడార్‌లో దొరికిన పిట్టల గుంపుల్ని బట్టి ఈ రాత్రి ఎన్ని ఎగురుతాయో అంచనా వేస్తుంది. దక్షిణపు గాలి వీచిన మే నెల రాత్రి తెల్లారగానే కాఫీ పట్టుకుని కిటికీ దగ్గర కూర్చోవడం మా ఇంట్లో అలవాటైపోయింది.

ఒక అనుమానం మాత్రం ఉంది. జూలై, ఆగస్టుల్లో పిల్లలు ఎగరడం మొదలెట్టాక హమ్మింగ్ బర్డ్స్ రద్దీ మళ్ళీ పెరుగుతుంది. అప్పుడు కూడా ఒక్కటీ రాలేదంటే, ఫీడర్‌లో నీళ్ళు ఎన్నాళ్ళకోసారి మార్చారు? మీరు రాయలేదు. ఒకసారి నింపి అయిపోయేదాకా ఉంచేసి ఉంటారని నా ఊహ. అందరం అదే చేస్తాం.

ఇక నీళ్ళ సంగతి. మామూలు తెల్ల పంచదార ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు. అంతే. పావు కప్పు పంచదారకి ఒక కప్పు నీళ్ళు. వేడి నీళ్ళలో వేసి తిప్పితే గింజ లేకుండా కరుగుతుంది, పూర్తిగా చల్లారాక ఫీడర్‌లో పోయండి. ఎక్కువ కలిపితే మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి వారం పదిరోజులు వాడుకోవచ్చు. ఈ పిట్టలు తాగే పూలతేనె తీపికి ఇది దగ్గరగా ఉంటుంది. ఎర్ర రంగు అవసరమే లేదు, ఫీడర్‌కున్న ఎర్ర మూత చాలు.

బెల్లం ఎందుకు వద్దంటే, అందులో ఇనుము ఎక్కువ, త్వరగా పులుస్తుంది కూడా. మనకి మంచిది కాబట్టి పిట్టకీ మంచిదే అనుకోవడం సహజం, కానీ ఇంత చిన్న ఒంటికి ఆ ఇనుము హాని చేస్తుంది. మన ఇళ్ళల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆరోగ్యం పేరుతో కొనే గోధుమరంగు ఆర్గానిక్ పంచదార. అందులోనూ మొలాసిస్, అంటే చెరకు మడ్డి, ఉంటుంది, అదీ వద్దు. తేనె కలిపిన నీళ్ళలో బూజు పట్టేస్తుంది, అది పిట్టలకి ప్రమాదం. పొడి పంచదారలో కార్న్ స్టార్చ్ కలుపుతారు. షుగర్ ఫ్రీ వాటిలో శక్తే ఉండదు, తాగినా ఆకలి తీరదు. బడ్జెట్ లెక్కన చూసినా ఇంత చవకగా అయ్యే పని మీద షాపులో సీసా కొనడం దండగ.

మార్చడం ముఖ్యం. ఎండ ఫారన్‌హీట్‌లో అరవైల్లో ఉన్నప్పుడు నాలుగైదు రోజులకోసారి, ఎనభైల్లో రెండు రోజులకి, తొంభై దాటితే రోజూ. రోజు లెక్క మర్చిపోయినా ద్రావణం మసగ్గా కనిపించిందంటే పారబొయ్యాల్సిందే. ప్రతిసారీ వేడి నీళ్ళతో, సీసాలు కడిగే బ్రష్‌తో రుద్దండి. ముక్కు పెట్టే పువ్వు రంధ్రాల్లో నల్లటి బూజు చేరుతుంది, అది పైకి కనబడదు. నేను పాత టూత్ బ్రష్ ఒకటి దానికోసమే సింక్ కింద పెట్టుకున్నాను. జిగురుగా ఉంటే వెనిగర్ కలిపిన నీళ్ళలో ఒక గంట నానబెట్టి బాగా కడిగితే పోతుంది. ఈ శ్రమ తగ్గాలంటే ఒకటే ఉపాయం, ఫీడర్ నిండా నింపొద్దు. అడుగున రెండు వేళ్ళంత పొయ్యండి. ఏప్రిల్‌లో వచ్చేది ఒకటో రెండో పిట్టలు, అర లీటరు ఏం చేసుకుంటాయి?

ఫీడర్ కొనేటప్పుడు సీసా తలకిందులుగా వేలాడే రకం కాకుండా పళ్ళెంలా వెడల్పుగా ఉండేది చూడండి. సీసా రకంలో ఎండకి లోపలి గాలి వ్యాకోచించి నీళ్ళు కారతాయి, కారిన చోటికి కందిరీగలు వస్తాయి. పళ్ళెం రకంలో నీళ్ళు రంధ్రానికి కిందగా ఉంటాయి. హమ్మింగ్ బర్డ్ నాలుక అందుకుంటుంది, కందిరీగకి అందదు. పసుపు పువ్వులు అతికించినవి కూడా వద్దు, ఆ రంగు తేనెటీగల్ని పిలుస్తుంది.

చీమలకి మందు లేకుండానే దారి ఉంది. కొక్కేనికీ ఫీడర్‌కీ మధ్య నీళ్ళు పోసే చిన్న గిన్నె లాంటిది తగిలించాలి. యాంట్ మోట్ అని అడిగితే ఇస్తారు. పాలగిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టే మన అమ్మమ్మల ఉపాయమే ఇది, తలకిందులుగా వేలాడదీశారంతే. కొక్కేనికి నూనె, వాజిలిన్ రాయకండి. అది ఈకలకి అంటుకుంటే పిట్టకి కడుక్కోవడం చేతకాదు. ఇండియా నుంచి తెచ్చిన చీమల చాక్‌పీసు గీత అసలే వద్దు.

ఎక్కడ కట్టాలి? పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉండే చోట. దగ్గర్లో ఒక పొదో చిన్న కొమ్మో ఉంటే అక్కడ కూర్చుని కాపలా కాసుకుంటుంది. కిటికీకి మూడడుగుల లోపు కట్టండి, లేదా ముప్పై అడుగుల అవతల కట్టండి. మధ్యలో కడితే పూర్తి వేగంతో వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి. వేసవి చివర్లో ఫీడర్ మీద ఆకుపచ్చటి గొల్లభామ, అదే ప్రేయింగ్ మాంటిస్, కనిపిస్తే మెల్లగా తీసి దూరంగా పొదల్లో వదలండి. చూడ్డానికి సాధువులా ఉంటుంది, హమ్మింగ్ బర్డ్‌ని పట్టేసుకుంటుంది. ఉత్తర న్యూజెర్సీలో ఉంటే ఎలుగుబంట్లున్నాయి కాబట్టి రాత్రి ఫీడర్ లోపల పెట్టుకోవాలి.

ఒక మగది ఫీడర్‌ని కబ్జా చేసి మిగతా వాటిని తరిమేస్తుంది, అది ఖాయం. దాంతో పోట్లాడి లాభం లేదు. రెండో ఫీడర్ ఇంటి మూల తిరిగాక, మొదటిదాని దగ్గర్నుంచి కనబడని చోట కట్టండి. ఒకేసారి రెండు చోట్ల కాపలా కాయలేదుగా.

కొన్నేళ్ళ క్రితం మే మొదటి వారంలో రాత్రి 38 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పడిపోయింది. పొద్దున ఆరున్నరకి వంటింటి కిటికీలోంచి చూస్తే ఫీడర్ అంచు మీద మగ పిట్ట ఒకటి. ఈకలన్నీ ఉబ్బించుకుని దూది ఉండలా ఉంది. ముక్కు ఆకాశం వైపు, కళ్ళు మూసుకుని, కదలిక లేదు. గొంతు ఎర్రగా మెరవాల్సింది, ఆ మసక వెలుతురులో నల్లగా ఉంది. "పోయినట్టుంది" అన్నారు మా ఆయన. చెప్పుల డబ్బా తేవడానికి గరాజ్‌లోకి వెళ్ళారు కూడా. నేను ఆగమన్నాను. ఇరవై నిమిషాలకి డెక్ మీదికి ఎండ వచ్చింది. మొదట తోక వణికింది. తర్వాత ఒళ్ళంతా వణుకు. కళ్ళు తెరిచి, అటూ ఇటూ చూసి, కూర్చున్న చోటి నుంచే వంగి తాగడం మొదలెట్టింది. తాగి, తాగి, రివ్వున లేచిపోయింది. చలి రాత్రి ఒంట్లో శక్తి మిగుల్చుకోవడానికి ఒంటి వేడి తగ్గించుకుని ఇలా మొద్దునిద్రలోకి పోతాయి, దాన్ని టార్పర్ అంటారు. మీకూ కనబడవచ్చు, చేత్తో ముట్టుకోకండి. ఏప్రిల్‌లో గడ్డకట్టే రాత్రి ఉంటే ఫీడర్ లోపల పెట్టి, తెల్లవారుజామునే మళ్ళీ కట్టండి. ఆ పొద్దుటి మొదటి గుక్క వాటికి చాలా అవసరం.

ఇక ఓరియోల్. పేరు విని మన వంగపండు పిట్టకి చుట్టమనుకుంటారు. మామిడితోపుల్లో కనిపించే ఆ పసుపు పిట్టకీ దీనికీ బంధుత్వం లేదు. యూరప్ నుంచి వచ్చినవాళ్ళు రంగు చూసి ఆ పేరు పెట్టేశారు. ఇది ఇక్కడి బ్లాక్‌బర్డ్ కుటుంబం. మగదాని నారింజ, నలుపు రంగులు మేరీలాండ్‌ని నెలకొల్పిన లార్డ్ బాల్టిమోర్ వంశచిహ్నంలోని రంగుల్లా ఉన్నాయని బాల్టిమోర్ అన్నారు. మేరీలాండ్ రాష్ట్రపక్షి ఇదే. ఆడది పసుపు కలిసిన నారింజ రంగులో ఉంటుంది. ఏడాది వయసు మగది కూడా ఆడదానిలాగే కనిపిస్తుంది, కంగారుపడకండి. మనిషి ఈల వేసినట్టుండే పాట ముందు వినబడుతుంది, పిట్ట తర్వాత కనబడుతుంది. ఫోన్‌లో మెర్లిన్ యాప్ పెట్టుకుంటే పాట విని పేరు చెప్పేస్తుంది.

దీనికి నారింజకాయ అడ్డంగా కోసి సగం చెక్క పెట్టాలి. ఫ్రిజ్‌లో వాడిపోయినవి కూడా పనికొస్తాయి. కాకపోతే పళ్ళెంలో ఊరికే పెడితే మీకు జరిగిందే జరుగుతుంది. ఆ చెక్కని ఒక మేకుకి గుచ్చి, వెనకనుంచి సన్నటి తీగతో కట్టండి. గోడకీ చెట్టుకీ దూరంగా, కింద గొడుగులాంటి డోమ్ బిగించిన ఇనప స్తంభానికి కడితే ఉడత ఎక్కలేదు. ఓరియోల్స్ ఎత్తైన చెట్ల పైకొమ్మల్లో తిరుగుతాయి కాబట్టి పైనుంచి చూస్తే కనబడేలా బాహాటంగా ఉండాలి, డెక్ కప్పు కింద దాచకూడదు. రెండ్రోజులకోసారి చెక్క మార్చండి. అదే పంచదార నీళ్ళు ఓరియోల్ ఫీడర్‌లోనూ పొయ్యొచ్చు, ఆ ఫీడర్ రంధ్రాలు పెద్దవిగా ఉంటాయంతే.

ద్రాక్ష జెల్లీ అంటే వీటికి ప్రాణం. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. నేను రెండో ఏడు, పనిమీద వెళ్తూ వెడల్పు గిన్నెలో సగం సీసా జెల్లీ వంచి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి ఎండకి కరిగి, అందులో హౌస్ ఫించ్ అనే చిన్న పిట్ట ఒకటి కూరుకుపోయి ఉంది. రెండు రెక్కలూ ఒంటికి అతుక్కుపోయాయి. గుండె మాత్రం కొట్టుకుంటోంది, వేలికి తెలుస్తోంది. గాయపడ్డ పక్షుల్ని చూసే రిహాబిలిటేటర్‌కి ఫోన్ చేస్తే, మీరు కడగొద్దు, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి తీసుకురండి అన్నారు. రెండ్రోజుల తర్వాత అడిగితే బతికిందన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి చిన్న కప్పులో ఒక్క టీస్పూను, అయిపోతేనే ఇంకో టీస్పూను. ఇంట్లో ఎవరూ లేని రోజు జెల్లీయే లేదు.

మే మూడో వారానికి ఓరియోల్స్ హఠాత్తుగా మాయమవుతాయి. మీ తప్పేం లేదు, పిల్లలకి మాంసకృత్తులు కావాలి, పురుగుల వేటలో పడతాయి. చాలా పిట్టలు ముట్టని బొచ్చు గొంగళ్ళని కూడా తింటాయి. అప్పుడు కప్పులో మీల్‌వార్మ్స్, అంటే పిట్టల మేతకి అమ్మే పురుగులు, పెడితే కొన్ని వస్తాయి. జూన్ ఆఖర్లో, జూలైలో పిల్లల్ని వెంటేసుకుని మళ్ళీ ఫీడర్‌కి తీసుకొస్తే అదృష్టమే. ఆగస్టుకల్లా చాలావరకు దక్షిణానికి బయల్దేరిపోతాయి.

గూడు వేసవిలో ఆకుల చాటున ఉండి కనబడదు. మా అత్తగారు ఆరునెలలుండి తిరిగి తణుకు వెళ్ళబోయే ముందు, నవంబరులో, మా వెనక మేపుల్ చెట్టు ఆకులన్నీ రాలాక కొమ్మ చివర వేలాడుతున్న బూడిదరంగు సంచి చూసి "ఇక్కడా గిజిగాడు ఉన్నాడే!" అన్నారు. చూపు కరెక్టే. నారలూ గడ్డీ అల్లిన సంచీ అది. తేడా ఒకటుంది, మన గిజిగాడిలో గూడు అల్లేది మగది. ఇక్కడ ఆ పనంతా ఆడదే చేస్తుంది. ఆ మాట చెప్తే ఆవిడ మా ఆయన వంక చూసి నవ్వారు.

ఫీడర్ ఒక్కదాంతో సరిపెట్టకండి. హమ్మింగ్ బర్డ్ బతికేది తీపి నీళ్ళతో మాత్రమే కాదు, సన్న దోమలూ చిన్న సాలీళ్ళూ కూడా తినాలి. గూడు కట్టుకోవడానికి సాలెగూటి పోగులు కావాలి, వాటితోనే నాచునీ మొక్కల నూగునీ అతికిస్తుంది. కాబట్టి డెక్ మూలల్లో సాలెగూళ్ళు కొన్ని దులపకుండా వదిలెయ్యండి. అమ్మగారికి నచ్చదు, తెలుసు. లాన్ వాళ్ళు వచ్చి దోమల మందు కొడతామంటే ఒప్పుకోవద్దు, ఆ మందుకి పిట్టల తిండి కూడా చస్తుంది. బాగా మగ్గిన అరటిపండు వలసంచిలో పెట్టి ఫీడర్‌కి కొంచెం దూరంగా వేలాడదీస్తే పండు ఈగలు చేరతాయి, వాటిని పట్టుకోవడానికి వస్తుంది.

మొక్కల్లో ఒక్కటే కొంటానంటే ఎర్రపూల ట్రంపెట్ హనీసకుల్ తీగ కొనండి. ఇక్కడి జాతిది. జపనీస్ హనీసకుల్ మాత్రం వద్దు, అడవులన్నీ కమ్మేస్తోంది. కాలంబైన్ సరిగ్గా ఇవి వచ్చే వేళకే పూస్తుంది. జూలైకి బీ బామ్, ఆగస్టుకి కార్డినల్ ఫ్లవర్. చిక్కుడు పందిరి వెయ్యాలనుకుంటే ఎర్రపూల రన్నర్ బీన్స్ వెయ్యండి, మీకు కాయ, దానికి తేనె. ఓరియోల్ కోసం అయితే మల్బరీ. నల్లగా మగ్గిన పళ్ళంటే ఇష్టం. కారు పార్క్ చేసే చోటికి దూరంగా నాటండి, ఎందుకో మొదటి జూన్‌లోనే తెలుస్తుంది.

కాలిఫోర్నియా వాళ్ళకి ఈ తేదీలు వర్తించవు. బే ఏరియాలో ఆనాస్ హమ్మింగ్ బర్డ్ ఏడాది పొడుగునా ఉంటుంది. దక్షిణాన తాటాకుల్లాంటి ఆకులున్న పామ్ చెట్ల ఆకుల అడుగున హుడెడ్ ఓరియోల్ గూడు కడుతుంది. డాలస్ వాళ్ళు మార్చి మధ్యకల్లా ఫీడర్ కట్టెయ్యాలి.

మీరు అడగలేదు గానీ అమ్మగారు తప్పకుండా అడుగుతారు: ఇండియాలో హమ్మింగ్ బర్డ్స్ లేవు. అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు. మందార చెట్టు మీద అక్కడ చూసేది తేనెపిట్ట, అది వేరే కుటుంబం.

శరదృతువులో ఫీడర్ తీసెయ్యకపోతే పిట్టలు వలస మానేస్తాయని చెప్పేవాళ్ళుంటారు, నమ్మకండి. పగటి పొద్దు తగ్గడాన్ని బట్టి అవే బయల్దేరతాయి. చివరి పిట్ట కనబడిన రెండు వారాల దాకా ఉంచండి, దారిన పోయే వాటికి ఉపయోగం. అక్టోబరు దాటాక కూడా ఏదైనా వాలిందంటే ఫొటో తీయండి, పశ్చిమం నుంచి దారి తప్పొచ్చిన రూఫస్ అనే ఇంకో జాతి హమ్మింగ్ బర్డ్ కావచ్చు. నారింజకాయలు మాత్రం ఇప్పుడే కొనకండి, ఇంకా నెల టైముంది. ముందు ఆ పాత ఫీడర్ పువ్వు రంధ్రాల్లో బూజు ఉందేమో విప్పి చూడండి.